మన్ను పాసయింది

లక్డారం గ్రామసేవకుడిగా అది నా మొదటి ఏడాది. పొలం మన్ను సంచిలో తెచ్చిస్తే హైదరాబాదు పంపి పరీక్ష చేయిస్తానని చాటింపు వేయించాను. పరీక్ష ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆ మాత్రం తెలియదా అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కౌలు రైతు సంగప్ప తెచ్చిన మన్ను నల్లగా, మెత్తగా ఉంది. చూసి మురిసిపోయాను. అతని రెండెకరాల గట్టెక్కి చూసిన పాపాన మాత్రం పోలేదు. మన్ను బాగుంది, ఏ లోపమూ లేదని చీటీ వచ్చింది. సంగప్ప దాన్ని కళ్లకద్దుకుని, పట్టాదారుకు చూపించి వచ్చాడు.

ఆ ఏడు అతని వరి మోకాలెత్తు కూడా పెరగకుండానే ఎండిపోయింది. పట్టాదారు ఆ చీటీనే పట్టుకుని నిలదీశాడు. మన్ను మంచిదని సర్కారే రాసింది, నీకే సేద్యం చేతగాదు, భూమి వదిలెయ్ అన్నాడు.

సంగతి తెలిసి నేను వెళ్లేసరికి సంగప్ప తల ఎత్తలేదు. అతని భార్య నర్సింహమ్మే నోరు విప్పింది.

"ఆ మన్ను పొలంది గాదు సారూ. మా పెరట్ల పెంటకుప్ప కింద తవ్వింది. పొలమంత సౌడు. చెడ్డదని రాస్తే, భూమిని ఖరాబ్ జేసినవని పట్టాదారు గుంజుకుంటడని భయపడ్డం."

"నాకైనా చెప్పకూడదా అమ్మా?"

"మీరు సర్కారు మనిషి గద."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే నేనే పొలంలో జానెడు లోతు తవ్వి, మన్ను పంపాను. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. చౌడే, కానీ జిప్సం చల్లి, మడుల్లో నీళ్లు నిలిపి కడిగితే రెండేళ్లలో దారికొస్తుందని రాశారు. జిప్సం మా ఆఫీసే ఇస్తుంది. చీటీ పట్టుకుని పరుగున వెళ్లాను.

ఇంటికి తాళం వేసి ఉంది.

"పోయిన ఐతారం భూమి ఇడిసిపెట్టినట్టు యేలిముద్ర ఏసి పట్నం పోయిండ్రు సారూ," అంది పక్కింటి మొగులమ్మ. "చీటీల ఏం రాసిండ్రు?"

"మన్ను బాగాలేదని."

"అయితే పోయిందే నయమాయె."

కాదమ్మా, బాగాలేదని తెలిస్తేనే బాగుచేస్తారు, పరీక్ష అందుకే అన్నాను.

"గీ మాట సంగప్పకు ముందుగాల జెప్పి ఉంటే పోకపోతుండె గద సారూ."