తలుపు పక్క స్విచ్

మాస్టారి బావమరిది ఆ పెట్టెను పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో తెచ్చాడు. లోపల రెండు డిస్కులున్నాయనీ, ఒకదాంట్లో రాసిందే రెండోదీ రాసుకుంటుందనీ, ఒకటి పోయినా ఇంకొకటి కాపాడుతుందనీ, ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా ఫొటోలూ వీడియోలూ చూసుకోవచ్చనీ వివరించాడు. మాస్టారు అంతా శ్రద్ధగా విని, మూడో డిస్కుకు చోటు లేదా అని అడిగారు.

ఆయన భయం ఆయనది. భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆమె తీసిన వీడియోలన్నీ ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఈ మధ్య దాన్ని తెరిస్తే లోపల టిక్కు టిక్కుమంటోంది. ఎప్పుడూ తీసేది ఆమే కాబట్టి వాటిలో మనిషి కనిపించదు, గొంతే వినిపిస్తుంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ల్యాప్‌టాప్ కన్ను మూసేలోగా అంతా పెట్టెలోకి చేరాలి.

కేబుల్ పొట్టిది కావడంతో పెట్టె వీధి తలుపు పక్కన, రౌటర్ కింద, చెప్పుల స్టాండు మీద కొలువు తీరింది. ల్యాప్‌టాప్‌ది నత్తనడక, కాపీ కావడానికి మర్నాటి సాయంత్రం దాకా పడుతుందన్నాడు బావమరిది. మర్నాడు వచ్చి చూస్తే సగంలో ఆగిపోయి ఉంది. పెట్టె మాత్రం పచ్చ దీపాలు మిణుకుమనిపిస్తూ ఏమీ ఎరగనట్టు కూర్చుంది. చేరిన సగమైనా ఉంటుంది కదా అన్నారు మాస్టారు. అన్నీ కలిపి ఒకే మూట కట్టి పంపుతున్నాననీ, మూట సగమే చేరితే విప్పడం కుదరదనీ అన్నాడతను.

బావమరిది కేబుల్‌ను తిట్టి అంతే పొట్టిది ఇంకొకటి తెచ్చాడు. మళ్లీ ఆగింది. రౌటర్‌ను తిట్టాడు. మళ్లీ ఆగింది. మేనకోడలి మీద పడి, సినిమాలు చూసి నెట్టంతా తాగేస్తున్నావన్నాడు. మామయ్య బాగుచేసిన మిక్సీ ఇంతవరకూ తిరగలేదని ఆ పిల్ల గుర్తుచేసింది. మాస్టారు మాత్రం రోజూ పొద్దున్న ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి, ఇంకా టిక్కుమంటోందని నిర్ధారించుకుని బడికి వెళ్లేవారు.

చివరికి బావమరిది సెలవు పెట్టాడు. దొంగను పట్టుకునేదాకా కదలనని, పెట్టెకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్టారి కూతురు కాలేజీకి వెళ్లిపోయింది. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. సంచీ భుజాన వేసుకుని, పెట్టె జాగ్రత్త అని అతనికి మరీ మరీ చెప్పారు. చెప్పులు వేసుకున్నారు. ఎడమ చేత్తో తలుపు లాగుతూ, కుడి చేత్తో స్విచ్‌బోర్డును పైనుంచి కిందికి నిమిరారు. టక టక టక టక.

బావమరిది నెత్తి మీద ఫ్యాను నెమ్మదించింది. పెట్టె దీపాలు ఆరిపోయాయి.

"బావా, నేనింకా ఇంట్లోనే ఉన్నాను," అన్నాడతను కుర్చీలోంచే.

మాస్టారు తన చేతి వంక చూసుకున్నారు. ఆఖరున ఇల్లు దాటేవాళ్లు బోర్డంతా ఆపి వెళ్లాలన్నది ఆమె పెట్టిన నియమం. పెళ్లైన కొత్తలో బస్ స్టాపు నుంచి ఆయన్ను వెనక్కి పంపించి మరీ నేర్పింది. ఇప్పుడు ఆ పని ఆయన చేసేది కాదు, చెయ్యి చేసేది. సాయంత్రం ముందుగా ఇల్లు చేరే కూతురు అంతే అలవాటుగా అన్నీ వేసేస్తుంది. ఇక దొంగ ఎలా దొరుకుతాడు?

"రోజూ నేనేనా?" అన్నారు.

"అక్క," అన్నాడు బావమరిది. "మీ చేత చేయిస్తోంది, అంతే. నేను స్నానం చేస్తున్నా సరే, లైటు ఆపేసి వెళ్లిపోయేది."

కాపీ మళ్లీ మొదలుపెట్టారు. మర్నాడు సెలవు. ఎవరూ గడప దాటలేదు. సాయంత్రానికి మూట చేరింది. కూతురు చేతికందిన మొదటి వీడియో తెరిచింది. ఇదే తలుపు, ఇదే చెప్పుల స్టాండు. మాస్టారు చెప్పులు వేసుకుంటున్నారు.

"ఏమండీ, అన్నీ ఆపారా?" అంది ఆమె గొంతు.

"ఆపాను."

బొమ్మ ఊగింది. టక్.

"మరి ఇదెవరు ఆపుతారు, మీ హెడ్మాస్టరా?"

బావమరిది పగలబడి నవ్వాడు. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. తర్వాత, "మళ్లీ పెట్టు. కొంచెం గట్టిగా," అన్నారు.

ఆ మర్నాడు పొద్దున్న పెట్టె స్విచ్ మీద టేపు అతికించి, ఎర్ర సిరాతో 'ఆపరాదు' అని గుండ్రంగా రాశారు. వెళ్లేటప్పుడు చెయ్యి బోర్డు మీదుగా జారింది, టేపు తగిలాక ఆగింది. తాళం వేసి వీధి మలుపు దాకా నడిచారు. అక్కడ నిలబడిపోయి, వెనక్కి తిరిగి వచ్చి తాళం తీసి లోపలికి తొంగి చూశారు.

పెట్టె వెలుగుతూనే ఉంది.