చెయ్యి పడిన చేప

నా అల్లుడు నా భార్యను దొంగిలించాడు. ఆమె పోయిన తర్వాత. ఇది అనుమానంతో రాస్తున్నది కాదు. జరిగింది.

నా భార్య పేరు ముత్యాలమ్మ. మాది మంగినపూడి దగ్గర ఊరు. నేను వేటకు వెళ్ళేవాణ్ణి. నేను తెచ్చింది ఆమె బందరు మార్కెట్లో అమ్మేది. మా ఒక్కగానొక్క కూతురు ప్రియాంక బడి లేని రోజుల్లో తల్లి బుట్ట పక్కన కూర్చుని చదువుకునేది. అలా చదివి ఇంగ్లీషులో ఎమ్మే చేసింది. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఏడో తరగతి వాడికి ఎమ్మే కూతురుంటే గర్వం ఉంటుంది. నాకుంది. దాచుకోను.

అల్లుడి పేరు నరేంద్ర. మావాళ్ళే. కాకపోతే వాళ్ళు చేపల పని వదిలేసి గుడివాడలో స్థిరపడి రెండు తరాలైంది. అక్కడ స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు పెట్టాడు. అతని తల్లి భాగ్యమ్మ. ముత్యాలమ్మ పోయినప్పుడు మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళింది. కూర్చున్నంతసేపూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని కొందరు అనుకున్నారు. నేను అనుకోలేదు.

పెళ్ళయ్యాక ప్రియాంక ఆ సెంటర్లోనే పాఠాలు చెప్పింది. జీతం లేదు. ఒకసారి నేను అడిగాను.

"ఇంటి మనిషికి జీతమేంటి మావయ్యా? అంతా తనదేగా!" అన్నాడు నరేంద్ర.

అంతా ఆమె పని. ఆ మాట అతను అనలేదు. పొద్దున్నే టిఫిను, అత్తగారికి వేరే పథ్యం, మొగుడి చొక్కాల ఇస్త్రీ, ఆ తర్వాత క్లాసులు. మధ్యాహ్నం వచ్చి వంట. మళ్ళీ సాయంత్రం క్లాసులు. పిల్లలు రాసిన పేపర్లు దిద్దుతుంటే భాగ్యమ్మ అనేది: "పేపర్లు దిద్దితే పప్పు ఉడుకుద్దా అమ్మా? కుక్కరు ఎప్పుడు పెడతావ్?" మా ఇంటి నుంచి ఎండుచేపలు పంపిస్తే ఆ సంచీ వాళ్ళ వంటింట్లోకి వెళ్ళేది కాదు. బాల్కనీలో వేలాడేది.

ఇప్పుడు పాఠం సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో ఎ, యాన్, ద అని చిన్న మాటలున్నాయి. పెద్ద మాటల ముందు పెడతారు. తెలుగులో వాటి పని లేదు. "పుస్తకం తే" అంటే ఏ పుస్తకమో ఎదుటివాడి మొహం చూసి తెలుసుకుంటాం. అందుకే మన పిల్లలకు అవి ఎక్కడ పెట్టాలో తెలియదు. ప్రియాంక క్లాసులో తమన్నా అని ఒక అమ్మాయి ఉండేది. నర్సు ఉద్యోగానికి బయటి దేశం వెళ్ళాలని నేర్చుకుంటోంది. ఆ పిల్ల ఒకరోజు పెన్ను కింద పడేసింది.

"మేడమ్, ఈ 'ద' ఎక్కడ పెట్టాలో తెలీక అన్నిటికీ పెట్టేస్తున్నా. కూరలో ఉప్పు చల్లినట్టు."

క్లాసంతా నవ్వింది. ప్రియాంక కూడా నవ్వింది. పుస్తకం మూసేసి అడిగింది.

"చేపల కోసం ఇంట్లోంచి బయల్దేరావు. ఏం కావాలి?"

"ఒక చేప మేడమ్."

"ఏ చేప?"

"ఏదోటి. ఏది బావుంటే అది."

"అదే 'ఎ ఫిష్'. బుట్ట దగ్గరకొచ్చావు. ఒకదాని మొప్ప ఎత్తి చూశావు. చెయ్యి వేసి బేరం మొదలెట్టావు. ఇప్పుడు?"

"ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు."

"అదే 'ద ఫిష్'. నీకూ తెలుసు, అమ్మే మనిషికీ తెలుసు. మీరిద్దరూ మాట్లాడుకునేది దాని గురించే."

మా మార్కెట్లో అది కట్టుబాటు. కొనే మనిషి చేప మీద చెయ్యి వేసి బేరం మొదలుపెడితే, ఆ చెయ్యి తీసేదాకా అమ్మే మనిషి దాన్ని ఇంకొకరికి ఇవ్వదు. పక్కవాళ్ళు ఎక్కువ ఇస్తామన్నా ఇవ్వదు. ఒక రిక్షా అతని భార్య పండుగప్ప చేప మీద చెయ్యి వేసి తేల్చుకోలేక కూర్చుంటే, కారులో వచ్చిన పెద్దమనిషిని ముత్యాలమ్మ ఎండలో నిలబెట్టింది. ఆ మనిషి విసుక్కుంటే, "ఆవిడ చెయ్యి తీయనీండి బాబూ, నా చెయ్యి కాదుగా" అంది. ప్రియాంక అప్పుడు పక్కనే కూర్చుని ఎక్కాలు చదువుతోంది.

తల్లి దగ్గర చూసినదంతా కూతురు పాఠంలో పెట్టింది. సూర్యుడు ఒక్కడే కదా మేడమ్, ఎవరు చెయ్యి వేశారని 'ద' పెడతాం అని పిల్లలు అడిగారు. బుట్టలో ఒక్కటే చేప ఉంటే వెతుక్కునే పనేముంది, అందరి చెయ్యీ దాని మీదే అంది. ఉప్పు, నీళ్ళు? గుప్పెట్లోకి తీసి ఇదొకటి, ఇదొకటి అని లెక్కపెట్టలేవు, అందుకే 'ఎ' పెట్టవు అంది. నాకు ఇంగ్లీషు రాదు. ఈ పాఠం మాత్రం నాకూ వచ్చు.

నరేంద్రకు ఇది తెలిసింది. "క్లాసులో చేపల బుట్టలేంటి? మనం ఎక్కడి నుంచి వచ్చామో బోర్డు కట్టి చెప్పాలా? యాపిల్ పెట్టుకో" అన్నాడు. యాపిల్ పెట్టింది. పిల్లలకు ఎక్కలేదు. యాపిల్ మీద ఎవరు చెయ్యి వేసినా ఏమీ కాదు. పక్క బ్యాచీ వాళ్ళు కూడా వచ్చి చేప పాఠమే చెప్పమన్నారు. అది చూశాక అల్లుడికి చేపల వాసన పోయింది. తనే కెమెరా ముందు నిలబడి ఆ పాఠం చెప్పి ఫోన్లలోకి వదిలాడు. జనం విరగబడి చూశారు. గుడివాడంతా అతని ఫ్లెక్సీలే.

ఆ వీడియో వంటింట్లో చూశానని ప్రియాంక నాకు తర్వాత చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. నేను కలిపింది లేదు.

పచ్చడికి కొబ్బరి తురుముతూ ఫోను గోడకు ఆనించి చూసిందట. పాఠం తనదే, మాటలు తనవే, చివరికి తమన్నా ఉప్పు జోకు కూడా ఉంది. మొదట కోపం రాలేదు. ఈ ఇంట్లో నేను చేసిన దేనికి నా పేరుంది, ఇడ్లీకి ఉందా, మజ్జిగకు ఉందా, అతను తొడుక్కుని నిలబడ్డ ఆ చొక్కా మడతకు ఉందా, కూర నోట్లోకి పోయినట్టే పాఠమూ పోయింది, పోనీలే అనుకుంది. పదిమందికీ పనికొస్తే చాలు అని కూడా అనుకుంది, అలా అనుకోవడం అలవాటైపోయింది కాబట్టి. అప్పుడు అతను గొంతు తగ్గించి, "చిన్నప్పుడు మా అమ్మ చేపల బుట్ట పక్కన కూర్చుని నేర్చుకున్నానీ పాఠం. ఐసులో పెట్టి పెట్టి మా అమ్మ వేళ్ళు తెల్లగా పాలిపోయేవి. అన్నం కలుపుకుంటే వేడి కూడా తెలిసేది కాదు" అన్నాడు. ఆ వేళ్ళు ప్రియాంక తల్లివి. పెళ్ళైన కొత్తలో, మా అమ్మ గుర్తొస్తోందని ఏడిస్తే, ఏం గుర్తొస్తోంది చెప్పు అని అతను లాలనగా అడిగితే చెప్పిన మాట అది. ఇంకెవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. వేడి తెలియక అమ్మ ఒకసారి చెయ్యి కాల్చుకుని నవ్వేసిందని, ఆ నవ్వు తనకు నచ్చలేదని చెప్పుకుంది. అతను అప్పుడు ఆమె తల నిమిరాడు. ఆ నిమరడం కూడా ఇప్పుడు ఏదో సరుకు తూచుకున్నట్టే అనిపించిందట. పాఠం క్లాసుకు చెప్పింది. ఈ మాట మొగుడికి చెప్పుకుంది. రెంటికీ తేడా అతనికి తెలియలేదు. కొబ్బరి చిప్ప అరిగిపోయి వేలు కోరాముకు తగిలేదాకా తురుముతూనే ఉందట.

సాయంత్రం అడిగితే అతను నవ్వాడు. "స్టోరీ ఉంటేనే చూస్తారు ప్రియా. అమ్మంటే ఎవరమ్మైనా అమ్మేగా! నువ్వు చెబితే ఏంటి, నేను చెబితే ఏంటి?"

భాగ్యమ్మ అందుకుంది: "నా కొడుకు నన్ను గొప్ప చేసి చెప్పుకున్నాడు. దానికి కూడా ఏడుపేనా?"

ఇవేవీ నాకు అప్పుడు తెలియదు. నా దగ్గరున్నది బొత్తాల ఫోను. నరేంద్ర దానికి చేసి, "మావయ్యా, అత్తయ్యగారి బుట్ట ఉందా? క్లాసుకు కావాలి" అన్నాడు. కూతురు పాఠం చెబుతుందనుకుని కడిగి పంపాను.

బందరులో సెంటరు బ్రాంచి తెరిచారు. కల్యాణమండపంలో సభ. నేను వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. హాలు నిండా పిల్లల తల్లిదండ్రులు. మా వైపు నుంచి, గిలకలదిండి నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు కూడా మనవళ్ళను చేర్పించడానికి వచ్చారు. వేదిక మీద భాగ్యమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర ముత్యాలమ్మ బుట్ట. మైకులో, బుట్ట మోసి కొడుకును ఇంతవాణ్ణి చేసిన మాతృమూర్తికి సన్మానం అన్నారు. శాలువా కప్పారు. ముక్కుకు కొంగు లేదు.

నా కూతురు పక్క గుమ్మం దగ్గర టిఫిను పొట్లాలు సర్దుతోంది.

నరేంద్ర పాఠం మొదలుపెట్టాడు. ఇద్దరు పిల్లల్ని పైకి పిలిచాడు. బుట్టలో నిజం చేపలే పెట్టాడు. ఒక పిల్ల పండుగప్ప మీద చెయ్యి వేసింది. "ద ఫిష్!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపాల్సింది. నవ్వించాలనుకున్నాడు. రెండో పిల్లను, "నువ్వు ఎక్కువిస్తావా? అయితే నీకే!" అని మొదటి పిల్ల చేతి కింద నుంచి చేపను లాగి ఆమెకిచ్చాడు.

గుడివాడ నుంచి వచ్చినవాళ్ళు నవ్వారు. మా ఆడవాళ్ళు నవ్వలేదు. ముత్యాలమ్మ పక్కన బుట్ట పెట్టుకునే ముసలామె లేచింది.

"అదేంటయ్యా? చెయ్యి పడ్డ చేప లాగేసి ఇంకోళ్ళకిచ్చేత్తావా?"

"ఇది ఉదాహరణమ్మా."

"ఉదారణైతే మాత్రం? మీ అమ్మ అట్టాగే అమ్మిందా? ఏవమ్మా పట్టుచీరావిడా, ఏ మార్కెట్లో కూకున్నావు నువ్వు? నా పక్కనైతే ముత్యాలు కూకునేది. ఆ బుట్ట కూడా దానిదల్లేనే ఉందే!"

హాలంతా గొల్లున నవ్వింది. భాగ్యమ్మ ఎర్రబడి గుమ్మం వైపు చూసింది. నరేంద్ర కూడా చూశాడు. మైకులోనే, "ప్రియా, వచ్చి కొంచెం చెప్పు వీళ్ళకి" అన్నాడు.

ఒక్క అబద్ధం చాలు. అత్తయ్య కూడా అమ్మేవారండీ అంటే సరిపోతుంది. చుట్టాల ముందు కూరలో ఉప్పు తక్కువైతే తప్పు తన మీద వేసుకున్నట్టు, అతను మరిచిపోయిన పనులన్నీ తనే మరిచిపోయానని చెప్పుకున్నట్టు, ఇదీ చెప్పేయొచ్చు. గుమ్మం నుంచి వేదిక దాకా నడిచినంతసేపూ ఆ అబద్ధం నోట్లోనే ఉందట. మెట్లెక్కాక, బుట్ట అంచుకు తన తల్లి చుట్టిన పాత చీరపేలిక కనిపించింది. చెయ్యి కోసుకోకుండా చుట్టింది.

ప్రియాంక రెండో పిల్ల చేతిలోంచి చేపను తీసుకుని మొదటి పిల్ల ముందు పెట్టింది. మైకు అందుకుంది. గొంతు పెంచలేదు. క్లాసులో చెప్పినట్టే చెప్పింది.

"ఈ బుట్ట ముత్యాలమ్మది. ఆమె మా అమ్మ. బందరు మార్కెట్లో అమ్మింది. భాగ్యమ్మగారు ఎప్పుడూ చేపలు అమ్మలేదు."

మైకు పెట్టేసింది. చేపల్ని పళ్ళెంలోకి తీసి, ఖాళీ బుట్టను చంకన పెట్టుకుని, హాలు మధ్యలోంచి వెనక వరుసకు వచ్చింది. అంతమంది చూస్తుండగా వచ్చింది. తల వంచలేదు. నా బతుకులో నేను చూసిన గొప్ప నడక అది.

"పద నాన్నా" అంది.

ఇప్పుడు మా ఇంటి వసారాలో క్లాసు చెబుతోంది. తమన్నా చెప్పిందంటూ బందరు నుంచి అమ్మాయిలు ఆటోల్లో వస్తున్నారు. ఫీజు తన చేతికే తీసుకుంటోంది.

మొన్న మా కులపెద్ద తాతారావు నరేంద్రను వెంటబెట్టుకుని వచ్చాడు. క్లాసు జరుగుతోంది. ప్రియాంక చూసి కూడా పాఠం ఆపలేదు. ఇద్దరూ పెరట్లో కూర్చున్నారు.

"ఆడపిల్ల స్టేజీ ఎక్కి మొగుడి పరువు తీసేసింది. నువ్వు కూర్చుని చూశావు బావా" అన్నాడు తాతారావు.

"చూశాను. మళ్ళీ జరిగితే మళ్ళీ చూస్తాను."

"సరే, అయ్యిందేదో అయ్యింది. వీడియోలో మీ ముత్యాలమ్మ పేరు కూడా వేస్తాడట. ఫొటో కూడా పెడతాడట. ఇంకేం కావాలి?"

"అమ్మాయి ఫొటో కూడా వేస్తాను మావయ్యా. ఇద్దరం కలిసి చెబుదాం" అన్నాడు నరేంద్ర.

క్లాసు అయ్యాక ప్రియాంక సుద్ద అంటిన చేతులతోనే వచ్చింది. తాతారావుతో నిలబడే మాట్లాడింది.

"పాఠం ఆయన్నే ఉంచుకోమనండి మావయ్యా. పిల్లలకు వస్తే మంచిదే. నేనింకోటి తయారుచేసుకోగలను. మా అమ్మను మాత్రం అందులోంచి తీసేయమనండి." చేతులకున్న సుద్ద దులుపుకుని, "నన్నూ తీసేయమనండి. ఆ ఇంట్లోంచి" అంది.

రెండో బ్యాచీ పిల్లలు వస్తున్నారని లోపలికి వెళ్ళిపోయింది.

నరేంద్ర నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి మావయ్యా."

నేను లేచి గేటు తీసి పట్టుకున్నాను. వాళ్ళు వెళ్ళేదాకా అలాగే పట్టుకున్నాను.

ఊళ్ళో అడుగుతున్నారు. పెళ్ళిళ్ళలో, రేవులో, బస్సులో అడుగుతున్నారు. ఏమైంది, సర్దుకుంటారా, తప్పెవరిది అని. అందుకే ఒక్కసారి రాసి పెట్టాను. చదువు వచ్చినవాళ్ళు చదువుకోండి. రానివాళ్ళు చదివించుకోండి. దీని గురించి ఇక నా నోటి వెంట ఒక్క మాట రాదు. తాతారావు అడిగినా రాదు, పంచాయితీ పెట్టినా రాదు. నన్ను అడగొద్దు.