దీపం లేని ఇంట్లో సాలెపురుగు

ఆ పొద్దున తూర్పున మబ్బు పట్టి ఉంది. వాన మబ్బు కాదు. ఎండను మాత్రం ఆపి, ఊరంతా బూడిద రంగులో ఉంచింది. నేను మోట తోలి ఇంటికి వచ్చేసరికి నా భార్య జాహెదా గడప దగ్గర బట్టల మూట పెట్టుకుని కూర్చుంది. ఒళ్లో బిడ్డ. బిడ్డకు ఇంకా మెడ నిలవడం లేదు.

"చూడు," అని బిడ్డ మెడ కింద చూపింది. ఎర్రగా పొక్కులు లేచాయి.

"సాలెపురుగు పారింది. పొద్దు మునిగేలోపల దాన్ని లేకుంట చెయ్యి. లేకుంటే నేను బిడ్డను తీస్కోని కొత్తకోటకు, మా అమ్మోళ్లింటికి పోత. మల్ల రాను."

ఆ సాలెపురుగు చాలా రోజులుగా మా ఇంట్లోనే ఉంది. అరచేయంత ఉంటుంది. గూడు అల్లదు. పగలు దూలం సందున దాక్కుని, చీకటి పడగానే గోడ మీదికి దిగుతుంది. యుద్ధం వచ్చినప్పటి నుంచి కిరసనాయిలు దొరకడం లేదు. దీపం లేక, అది ఎక్కడుందో కనబడక జాహెదా రాత్రంతా బిడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటోంది. కళ్ల కింద గుంటలు పడ్డాయి.

నేను చెప్పు చేతికి తీసుకున్నాను. మూల మంచంలో ఉన్న మా అమ్మ కుల్సుమ్‌బీ లేచి కూర్చుంది.

"దాన్ని చంపితే నీ ఇంట్ల బువ్వ ముట్ట, గౌస్. ప్రవక్త గుహల దాసుకున్ననాడు వాకిలికి గూడు అల్లి కాపాడిన జాతి అది."

పాలు పోయడానికి వచ్చిన పక్కింటి ఈదమ్మ నవ్వింది. "అది అల్లింది సరే కుల్సుమ్‌బీ. మీ ఇంట్లది గూడే అల్లదు గద. ఉత్తగ తిరుగుతుంటది, మా ఆయన లెక్క."

"మరి నీ ఆయనను చెప్పుతోని కొట్టి చంపినవా?" అంది అమ్మ.

ఈదమ్మ ఇంకా నవ్వింది. జాహెదా నవ్వలేదు.

చెప్పు కింద పెట్టి, జొన్నలు కొలిచే సోలె తీసుకున్నాను. మంచం మీద ఎక్కి దూలం సందులో చీపురుపుల్లతో కదిలిస్తే పురుగు గోడ మీదికి ఉరికింది. దాని మీద సోలె బోర్లించి, మెల్లగా గోడకూ సోలెకూ మధ్య చాట దూర్చాను.

చేను దాకా నడిచి, గట్టు రాళ్ల మీద వదిలాను. కడుపు కింద బొట్టుబిళ్లంత తెల్లటి గుడ్ల తిత్తి పట్టుకుని ఉంది. దాన్ని వదలకుండానే సందులోకి పోయింది. నా కాళ్లు లాగుతున్నాయి. గట్టు మీద కాసేపు కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి జాహెదా మూటే తలకింద పెట్టుకుని నేల మీద నిద్రపోతోంది. అమ్మ ఉయ్యాల పక్కకు మంచం లాక్కుని, వేపమండతో విసురుతోంది.

"లేపకు," అంది నాతో. "ఎన్నాళ్లాయెనో పాపం. నాకు ఎట్లైనా నిద్ర రాదు. ఇగ రాత్రిళ్లు నేనే కూసుంట."

పొద్దు గూకే వేళకు జాహెదా లేచి జొన్నరొట్టెలు చేసింది. పొయ్యి వెలుగు గోడ మీద పడింది. ఆ వెలుగులోకి దూలం మీది నుంచి ఇంకో సాలెపురుగు దిగింది. అంతే ఉంది. కడుపు కింద తెల్లది మాత్రం లేదు.

ముగ్గురం చూశాం. నేను సోలె వైపు చూశాను. లేవడానికి ఓపిక లేదు. జాహెదా మూట వైపు చూసింది.

అమ్మ ఉయ్యాలలోంచి బిడ్డను తీసి ఒళ్లో వేసుకుంది. కొంగు కప్పి, ఎడమచెయ్యి ఆ కొంగు మీద పెట్టింది. గోడ వైపు వీపు తిప్పి కూర్చుంది.

జాహెదా చాలాసేపు ఆ చేతిని చూసింది. తరువాత తొలి రొట్టె అమ్మ పళ్లెంలో వేసి, మిరపకాయ తొక్కు పెట్టింది. ఒంటి చేత్తో అమ్మ రొట్టె తుంచలేకపోయింది. జాహెదా పక్కన కూర్చుని, ముక్కలు చేసి పెట్టింది. ముగ్గురం తిన్నాం.