ఇంకో రెండు చుక్కల నీలం

మా రంగుల కంపెనీలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. మేనేజరు దగ్గర్నుంచి డ్రమ్ములు కడిగేవాళ్ళ దాకా అందరికీ నేను 'కన్నుగారి'నే. కలిపిన రంగు డబ్బాల్లోకి వెళ్ళే ముందు, షేడు సరిగ్గా వచ్చిందో లేదో చూసి 'ఊఁ' అనడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా నా 'ఊఁ' లేకుండా ఒక్క డబ్బా కూడా ఆ గేటు దాటలేదు. చూసేటప్పుడు ఎడమ కన్ను మూసి, తల కాస్త పక్కకి వాల్చి, కుడి కంటితో చూస్తాను. నా వెనక అలా తల వాల్చి నన్ను వెక్కిరించేవాళ్ళు ఉన్నారని తెలుసు. వెక్కిరించడానికైనా మనిషిలో ఏదో ఒకటి ఉండాలిగా అనుకుని లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

ఇంట్లో కూడా అదే గీర. కర్టెన్లు, దుప్పట్లు, గోడలు, అన్నిటికీ తీర్పు నాదే. నా తెల్లచొక్కాలు తెల్లగా ఉతకడం మా ఆవిడకి చేతకాదని రెండేళ్ళుగా సణుగుతున్నాను.

"ఇంకాస్త నీలిమందు వెయ్యి, పసుపు పోలేదు" అనేవాణ్ణి.

"ఇంకా వేస్తే అది చొక్కా కాదండీ, సిరాబుడ్డే" అనేది ఆవిడ. అని, వేసేది. నాతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు?

అలాంటి నేను పోయిన నెల మా టీవీకి కాలం చెల్లిందని ప్రకటించాను. బొమ్మ అంతా పసుపు కొడుతోంది. పాలగ్లాసు చూపిస్తే టీగ్లాసులా ఉంది. మా ఆవిడ టీవీకి దగ్గరగా వెళ్ళి చూసింది, దూరంగా వచ్చి చూసింది.

"నాకు బాగానే ఉందండీ."

"రంగుల సంగతి నువ్వు నాకు చెప్తావా?"

ఆవిడ టీవీ కట్టేసి, "సరే, కొత్తది కొందాం. పాతది మా చెల్లి వాళ్ళకిద్దాం, వాళ్ళ టీవీ పాడైపోయిందట" అంది.

"ఇచ్చెయ్. మీ మరిదికి పసుపేదో నీలమేదో ఎలాగూ తెలీదు. సరిగ్గా సరిపోతుంది" అన్నాను.

అని, నవ్వాను కూడా. ఆవిడ నవ్వలేదు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మా ఆవిడ చెల్లెలి మొగుడు, అంటే నా తోడల్లుడు, మా కంపెనీలోనే పనిచేస్తాడు. పదకొండేళ్ళ క్రితం నేనే పెట్టించాను. రంగులు కలిపే పని అతనిది, చూసే పని నాది. నెమ్మదస్తుడు. నన్ను నోరారా 'అన్నయ్యా' అని పిలుస్తాడు. ఆ మధ్య ఒక ఆసుపత్రివాళ్ళు గోడలకి తెల్లరంగు కావాలన్నారు. మామూలు తెలుపు కాదు, తళతళలాడాలన్నారు. సరిపోల్చుకోవడానికి పాత షేడు కార్డేదీ లేదు. "కార్డెందుకయ్యా, నా కన్నుంది" అన్నాను. తెలుపు మెరవాలంటే అందులో చుక్క నీలం వేస్తారు. తోడల్లుడు వేసి చూపించాడు. నాకింకా పసుపే కనిపించింది.

"ఇంకో రెండు చుక్కలు వెయ్యి."

వేశాడు. కార్డు మీద పూసి మళ్ళీ తెచ్చాడు. "ఎక్కువైందేమో అన్నయ్యా" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"నువ్వు కలుపు. చూడ్డానికి నేనున్నాను" అన్నాను. ఇంకో రెండు చుక్కలు వేయించి 'ఊఁ' అన్నాను.

గోడలకి వేశాక ఆసుపత్రివాళ్ళు గోల పెట్టారు. తెలుపడిగితే నీలం ఇచ్చారన్నారు. వచ్చి చూడమని నన్ను పిలిచారు. నా 'ఊఁ' పడిన రంగుని మళ్ళీ చూడ్డమేమిటని ఒళ్ళు మండి, వెళ్ళలేదు. మేనేజరు మా సెక్షన్లో అందరిముందూ అడిగాడు, ఇదెలా జరిగిందని. ఆ రెండు చుక్కలూ, ఆ తర్వాతి రెండు చుక్కలూ నాకు బాగా గుర్తున్నాయి. కానీ వాటివల్ల రంగు చెడిందంటే నేను నమ్మలేదు. నేను వెళ్ళాక అతని చెయ్యే జారి ఉంటుందనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. "నేను చూసింది తెలుపే. ఆ తర్వాత ఇతనేం కలిపాడో ఇతన్నే అడగండి. ఈమధ్య ఇతని కంటికి నీలం ఆనడం లేదు" అన్నాను.

తోడల్లుడు నావైపు చూశాడు. తర్వాత తను పూసిన కార్డు తీసి దాన్నే చూశాడు. మర్నాటి నుంచి అతన్ని డ్రమ్ములు కడిగే చోటికి మార్చారు.

మా మరదలు మా ఇంటికి రావడం మానేసింది. అయినా అక్కచెల్లెళ్ళ మధ్య ఆ మాత్రం దారి ఉండాలనేమో, టీవీ ఇస్తానంటే వద్దనలేదు. పంపించే ముందు నేనే తోడల్లుడికి ఫోన్ చేశాను. "బాగా పసుపు కొడుతుంది, సర్దుకో" అన్నాను. "సరే అన్నయ్యా" అన్నాడు.

పాత టీవీ శనివారం వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున్నే కొత్తది ఎంచడానికి టీవీల షోరూంకి వెళ్ళాం.

గోడ పొడుగునా ఎనిమిది టీవీలు వేలాడుతున్నాయి. అన్నిటిలోనూ ఒకటే బొమ్మ, మంచులో గెంతుతున్న తెల్ల కుందేలు. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న సేల్స్ అమ్మాయి చకచకా వచ్చింది.

"ఇవన్నీ ఈ ఏడాది కొత్త మోడల్స్ సార్. ఇటునుంచి అటు వెళ్ళేకొద్దీ బొమ్మ ఇంకా బాగుంటుంది."

"బాగుందో లేదో నేను చెప్తానుగా" అన్నాను.

ఎడమ కన్ను మూసి, తల వాల్చి, మొదటి టీవీ ముందు నిలబడ్డాను. పసుపు. రెండోది, పసుపే. మూడోది దుమ్ముపట్టిన పసుపు. ఎనిమిదోది అన్నిటికన్నా పెద్దది, కాయితంలా పల్చగా ఉంది. అదీ పసుపే.

"అమ్మాయ్, కొత్త మోడల్స్ అన్నావు. మా పాత టీవీ రోగమే వీటికీ ఉందే!"

ఆ అమ్మాయి కంగారుపడింది. రిమోట్ తీసుకుని రంగుల సెట్టింగు మారుస్తూ పోయింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఇంకోటి. చిట్టచివరి మెట్టుకొచ్చేసరికి కుందేలు తళుక్కుమంది.

"అదీ! అక్కడ ఆపు. తెలుపంటే అదీ."

"నీలంగా ఉందండీ" అంది మా ఆవిడ మెల్లగా.

మాలాగే టీవీ చూడ్డానికొచ్చిన ఓ జంట మా పక్కనే నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు ఆ మాట అనడం నాకు తలకొట్టేసినట్టయింది. వాళ్ళకి కూడా వినపడేలా తెలుపు గురించి పాఠం మొదలుపెట్టాను. ఇరవై ఆరేళ్ళ అనుభవమన్నాను. మామూలువాళ్ళు మీగడ రంగు చూసి తెలుపనుకుంటారన్నాను. ఆ జంటలో ఆయన ఒకసారి టీవీ వైపు, ఒకసారి నా చొక్కా వైపు చూసి, దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సేల్స్ అమ్మాయి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి సార్. మా నాన్నకి కంట్లో శుక్లం వచ్చినప్పుడు ఇలాగే అన్నీ పసుపంటూ టీవీని నీలంగా పెట్టించుకునేవారు. మీరు ఎప్పుడూ ఒకే కన్ను మూస్తున్నారు. ఒకసారి రెండోది మూసి చూస్తారా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. నిన్నగాక మొన్న రిమోట్ పట్టుకున్న పిల్ల నా కంటికి వంక పెడుతుందా! దాని నోరు మూయించడానికే, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను.

కుందేలు నీలంగా ఉంది.

కాస్తో కూస్తో కాదు. నీలిమందు బకెట్లో ముంచి తీసినట్టుంది. మంచూ నీలమే. పక్క టీవీ వైపు తిరిగాను. ఇందాక దుమ్ముపట్టిన పసుపన్నదాంట్లో కుందేలు మల్లెపువ్వంత తెల్లగా ఉంది. కన్ను మార్చాను, పసుపు. మళ్ళీ మార్చాను, తెలుపు. తల దించితే నా చొక్కా చెయ్యి కనిపించింది. లేత నీలం చొక్కా. అది తెల్లచొక్కా అనుకునే పొద్దున్న వేసుకుని వచ్చాను. రెండేళ్ళుగా అందరూ దాన్ని చూస్తూనే ఉన్నారు.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ.

"ఏం లేదు. కంట్లో నలక."

ఆ మాటా అబద్ధమే. అక్కడ ఇంకొక్క క్షణం కాలు నిలవలేదు. మళ్ళీ వస్తామని చెప్పి బయటపడ్డాను. "పాతది ఇచ్చేశాం, కొత్తది కొనం. ఇక గోడ చూస్తూ కూర్చుందామా?" అంటూ ఆవిడ వెనకాలే వచ్చింది. బస్‌స్టాపులో బెంచీ మీద కూర్చున్నాక చెప్పాను. కుందేలు సంగతి ముందు, ఆసుపత్రి సంగతి తర్వాత. నాలుగు చుక్కలూ నేనే వేయించానని చెప్పేటప్పుడు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

"మా చెల్లి నెలరోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతుంటే, పొగరనుకుని నేనూ అంటీముట్టనట్టే ఉన్నాను" అంది ఆవిడ. లేచి నిలబడి, "ముందు అక్కడికి పదండి" అంది.

తోడల్లుడి ఇల్లు రెండో అంతస్తులో, రెండు గదులు. తలుపు తీసిన మరదలు అక్కని చూసి పక్కకి జరిగింది, నన్ను చూసి మొహం తిప్పుకుంది. ముందుగదిలో స్టూలు మీద మా పాత టీవీ నడుస్తోంది. దాని ఎదురుగా తోడల్లుడు కింద కూర్చుని ఉన్నాడు. కళ్ళకి కొత్త అద్దాలు. ఒళ్ళో రంగుకాయితం ముక్కలు, పిల్లలు అట్టల మీద అంటించుకునేలాంటివి. నన్ను చూడగానే గబుక్కున వాటిని కింద దాచబోయాడు. డ్రమ్ములు కడిగే మందుకి అతని వేళ్ళు పొట్టు లేచిపోయి ఉన్నాయి.

"రండి అన్నయ్యా, రండి వదినా. ఇప్పుడే ఆన్ చేశాను టీవీ."

"ఎలా ఉంది?" అన్నాను. అడగాల్సింది అది కాదు. నోటికి అదే వచ్చింది.

అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మీరు చెప్పిందే నిజం అన్నయ్యా. నా కంటికేదో అయింది."

"ఏమైంది?"

"ఇది బాగా పసుపు కొడుతుందన్నారుగా. నిన్నటి నుంచి చూస్తున్నాను. నాకెక్కడా పసుపు కనపడ్డం లేదు. పాలు పాలలాగే ఉన్నాయి. మీరు ఆ రోజు అన్నాక డాక్టరుకి కూడా చూపించుకున్నాను, కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు. ఊరికే ఉండలేక ఈ అద్దాలు పెట్టించుకున్నాను. రోజూ ఈ ముక్కలు చూసి రంగు చెప్తాను, తప్పో ఒప్పో ఇది చెప్తుంది." మరదలి వైపు చూపించాడు. "అన్నీ ఒప్పే అంటుంది. నన్ను బాధపెట్టడం ఇష్టంలేక అంటోందేమోనని..."

మరదలు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన కూడా దాచను. ఇక్కడితో ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చాటుగా ఆపరేషన్ చేయించుకుని, మళ్ళీ అదే కుర్చీలో కన్నుగారిలా కూర్చోవచ్చు. ఇతనెలాగూ తన కంటినే అనుమానిస్తున్నాడు. ఇంత నీచమైన ఆలోచన నా బుర్రలోంచే వచ్చింది, ఇంకెవరూ చెప్పలేదు. మా ఆవిడ కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.

నేనూ అతని పక్కన కింద కూర్చున్నాను. కుడి కన్ను మూశాను. మా పాత టీవీ, పాపం, శుభ్రంగా ఉంది. ఏ రోగమూ లేదు.

"పాలు పాలలాగే ఉన్నాయి. నీ కంటికేం కాలేదు. శుక్లం నా కుడికంట్లో ఉంది. ఇన్నాళ్ళూ నేను మూసింది మంచి కన్ను" అన్నాను. "ఆ నాలుగు చుక్కలూ నేనే వేయించాను. నాకు గుర్తుండే, గుర్తులేనట్టు మాట్లాడాను."

అతను అద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నాకు నీలం ఎక్కువనిపించింది అన్నయ్యా" అన్నాడు. "కానీ మీరు ఊఁ అన్నాక నా కన్ను నేనెలా నమ్మేది?"

అతను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ మాటకి సిగ్గుతో నా తల వాలిపోయింది. వంటగది గుమ్మంలోంచి మరదలు నెల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఆ రోజు అందరిముందూ అన్నారు బావగారూ. ఇప్పుడు మా ఇంట్లో నాలుగు గోడల మధ్య చెప్తే మాకేం ఒరుగుతుంది?"

సోమవారం పొద్దున్న మేనేజరుని అడిగి సెక్షన్లో అందర్నీ పోగుచేయించాను. డ్రమ్ములు కడిగే చోటి నుంచి తోడల్లుణ్ణి కూడా పిలిపించాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎక్కడో వెనక ఎవరో తల పక్కకి వాల్చారు, ఇంకెవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు మాత్రం నవ్వలేదు. "ఇన్నాళ్ళూ ఇతను ఒక్క మాట కూడా అనలేదేంటి?" అన్నాడు.

కన్ను బాగయ్యేదాకా నన్ను కార్డులు సర్దే బల్ల దగ్గరికి మార్చారు. నా కుర్చీ తోడల్లుడికిచ్చారు. ఆ రోజు మొదటి షేడు అతని చేతికొచ్చింది. లేత ఆకుపచ్చ, తేలికైన షేడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రెండు కళ్ళూ తెరిచి చూశాడు. తిప్పి చూశాడు. రంగు కలిపేవాళ్ళు డబ్బాల మూతలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అతను కార్డు పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"సరిగ్గానే ఉందనుకుంటా. ఒక్కసారి మీరూ చూడండి అన్నయ్యా."

"నేను చూడక్కర్లేదు. నువ్వు ఊఁ అను, చాలు" అన్నాను.

అతను నోరు తెరిచాడు. ఊఁ రాలేదు. కార్డు తీసుకుని మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.