కాగితం మీద చచ్చిన సవతి

దెల్మా తన సవతిని చంపేసిందట. మా దేశం మనిషే అయిన రెజీనా చెప్పిందని ఆవిడ ఆడబిడ్డ బేకరీ దగ్గర నన్ను ఆపి చెప్పింది. కత్తితో కాదట, పెన్నుతో. వీసా కాగితాల్లో చంపి పూడ్చేసిందట. ఆ సవతి నేరీ మాత్రం మొన్న ఆదివారం కూడా అక్కడ మా దేశంలో, సింబు కొండల్లో చర్చి ముందు కూర్చుని చిలగడదుంపలు అమ్ముకుందట. చంపేముందు ఆ మనిషి ఎక్కడుందో చూసుకోవద్దూ, అని రెజీనా కడుపు పట్టుకుని నవ్విందట.

నవ్వే సంగతి కాదు. దెల్మా వీసా ఆ ఒక్క వాక్యం మీదే పోయింది.

ఈ తెల్లవాళ్ళ దేశంలో, ఇన్నిస్‌ఫెయిల్ ఊరి అరటి గోదాములో నా పక్కనే నిలబడి పళ్ళు పెట్టెల్లో సర్దుతుంది దెల్మా. ఆమె ఎడమచేతి వేళ్ళు రెండు వంగవు. మొగుడు కౌపా కత్తి పిడితో కొట్టినప్పటివి. అతని నుంచి తప్పించుకుని వచ్చి, వెనక్కి పంపొద్దు, ఇక్కడే ఆశ్రయమివ్వండి అని అడిగింది. దరఖాస్తు ఎవరిచేతా రాయించుకోలేదు. ఆరో తరగతి ఇంగ్లిషు ఉంది కదా అని తానే రాసింది. "నా భర్త నన్ను చాలాసార్లు చంపాడు. నాకంటే ముందు పెద్ద భార్య నేరీని చంపాడు."

మా టోక్ పిసిన్ భాషలో కిలిమ్ అంటే కొట్టడం. ప్రాణం తీశాడని చెప్పాలంటే దాని వెనక 'ఇ దాయ్' అని తగిలించాలి. ఇంగ్లిషువాళ్ళ మాటనే ఎప్పుడో ఎత్తుకొచ్చి దెబ్బలకు సరిపెట్టుకున్నాం. దెల్మా దాన్ని మళ్ళీ ఇంగ్లిషులో పెట్టేసరికి అది పాత బుద్ధి చూపించింది.

ఇంటర్వ్యూలో ఆఫీసరు, అక్కడ నీ తోట ఎవరు చూస్తున్నారని అడిగాడు. నేరీ, అంది. ఏ నేరీ? పెద్ద భార్య. ఆవిడను చంపేశాడని రాశావు కదా? చంపడమేమిటి, బతికే ఉంది, అంది. గదిలో దుబాసీ ఉన్నాడు గానీ, అతను నోటిమాట మార్చడానికి వచ్చినవాడు, ఆమె కాగితం చూడలేదు. మాట మీద నిలబడని మనిషి, చెప్పింది నమ్మలేం, అని తిప్పికొట్టారు. ఇక మిగిలింది అప్పీలు ఒక్కటే. అదీ పోతే విమానం ఎక్కించి కౌపా దగ్గరికి పంపడమే.

విచారణకు మూడు వారాలుందనగా రెజీనా తానే గిన్నెడు ఉడికిన దుంపలు పట్టుకుని వచ్చింది. నేరీ ఈమధ్యే పోయిందని చెప్పెయ్యమంది. ఆ కొండలెక్కి ఏ తెల్లవాడు చూసొస్తాడంది.

"వాడు కొట్టిన దెబ్బలు చాలక నేను కూడా చంపాలా వదినా ఆవిణ్ణి?" అంది దెల్మా. దుంపలు మాత్రం తీసుకుంది.

ఫీజు లేకుండా కేసు చూస్తున్న లాయరమ్మ ఫ్రాన్ వేరే దారి చెప్పింది. ఆ మాట గొడవ దుబాసీ చేత తేల్చవచ్చు, కానీ అది సగమే. అక్కడి పోలీసులు కాపాడరని, ఏ ఊరు పోయినా కౌపా వదలడని కూడా చూపాలి. కళ్ళారా చూసినవాళ్ళు ఫోనులో చెప్పినా చాలు. చూసిన మనిషి ఒక్కతే. నేరీ.

ఆ ఇద్దరికీ పడేది కాదు. కౌపా దెల్మాకు ఓలిగా ఇచ్చిన పందులు నేరీ చేత్తో మేపి పెంచినవి. దెల్మా కుడిచెవి అంచు చీలి ఉంటుంది. అది మొగుడి పని కాదు, నేరీ కొరికింది.

దెల్మా ఫోన్ చేసింది. నేరీ కట్ చేసింది. మర్నాడు మళ్ళీ. పది రోజులపాటు టీ విరామంలో గోదాము వెనక నిలబడి చేస్తూనే ఉంది. టీ చల్లారిపోతోందే అంటే, నువ్వు తాగు అనేది నాతో. పదకొండో రోజు నేరీ ఎత్తింది. స్పీకరు పెట్టి ఉండడంతో నేనూ విన్నాను.

"నా పందుల మీద కాపరానికొచ్చావు. నీ తోట నా నెత్తిన పడేసి పోయావు. ఇప్పుడు నా నోరు కూడా కావాలా?"

"కావాలక్కా."

అటువైపు కోడి కూసింది. ఏ రోజు, ఎన్నింటికి, అని అడిగి పెట్టేసింది.

కైర్న్స్‌లో విచారణకు దెల్మాకు తోడుగా వెళ్ళాను. తీర్పు చెప్పేది నెరిసిన జుట్టున్న అధికారిణి. దుబాసీ మా దేశంలోని గొరోకా నుంచి వచ్చిన పెద్దాయన. కిలిమ్‌కీ కిలిమ్ ఇ దాయ్‌కీ తేడా ఆయన విప్పి చెప్పాడు, ఆవిడ రాసుకుంది. తర్వాత ప్రశ్నలు. పోలీసులకు చెప్పావా? చెప్పాను, పందులు తిరిగిచ్చి అప్పుడు రమ్మన్నారు. మోర్స్‌బీ పెద్ద నగరం కదా, అక్కడికి పోవచ్చు కదా? పోయాను, నాలుగో రోజుకి మావాళ్ళే అతనికి కబురు పెట్టారు. దెల్మా అన్నిటికీ సూటిగా జవాబు చెప్పింది. వేళ్ళు చూపించమన్నప్పుడు మాత్రం చెయ్యి బల్ల మీద పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.

ఫోన్ కలిపారు. కౌపా కాఫీ బస్తాలతో కుండియావా పట్నం పోయిన రోజు చూసుకుని, సిగ్నలు కోసం మిషన్ బడి మెట్ట ఎక్కింది నేరీ. గాలి హోరు వినిపిస్తోంది. తన పేరు, ఊరు చెప్పింది. కౌపా మా ఇద్దరినీ కిలిమ్ చేసేవాడంది. అధికారిణి ఆపి, రెండింట్లో ఏది అని అడిగింది.

"ఇప్పటిదాకా మొదటిదే" అంది నేరీ.

అధికారిణి కలం పక్కన పెట్టి మెల్లగా అడిగింది. మీరు ఇన్నేళ్ళుగా అతనితోనే ఉన్నారు, బతికే ఉన్నారు. ఈమె తిరిగొచ్చి మీలాగే ఉండలేదా?

దుబాసీ ఆ మాట మార్చి చెప్పాడు. నేరీ అందుకుంది.

"అది పోయినప్పటి నుంచి దాని వంతు దెబ్బలు కూడా నాకే పడుతున్నాయమ్మా. దాన్ని పంపితే నాకు సగం తగ్గుతాయి. పంపకండి."