చుక్కల గోరింక

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోతోంది. ఈ చిత్తడి నేలల్లో పక్షులను లెక్కపెట్టే ఉద్యోగం పన్నెండేళ్ళుగా ఆమెది. సాయంత్రం గుంపులుగా దిగే గులాబీ గోరింకల్లో ముందు ఒక పదింటిని కంటితో కొలుచుకుని, అలాంటి పదులు ఎన్నున్నాయో చూసి, రెండు నిమిషాల్లో వేలల్లో లెక్క తేల్చేస్తుంది. అలాంటి మనిషికి సహాయంగా వచ్చిందెవరు? సాక్షాత్తూ తోటికోడలు! వచ్చి మూడు నెలలైనా సరిగ్గా నిండలేదు, అధికారి అప్పుడే "ఆ అమ్మాయివి డేగకళ్ళు" అనేశాడు. పన్నెండేళ్ళలో పెద్దదాని కళ్ళ గురించి ఒక్క ముక్క అన్న పాపాన పోలేదు మహానుభావుడు. ఇంట్లో ఎలాగూ మామగారికి చిన్నకోడలు కలిపిన కాఫీయే కావాలి. కనీసం పక్షులను లెక్కపెట్టే ఈ మంచె మీదైనా తనది పైచేయి కావద్దూ!

ఇక్కడ ఇంతకుముందెన్నడూ కనబడని పక్షి కనబడితే, మంచె మీదున్న ఇద్దరూ రిజిస్టరులో సంతకం చేయాలి. మొదట చూసినవాళ్ళ పేరు జాబితాలో ఆ పక్షి పక్కన ఎప్పటికీ ఉండిపోతుంది. ఆ జాబితాలో పెద్దకోడలి పేరు ఒక్కచోటా లేదు.

నిన్న సాయంత్రం చిన్నది మంచె మీద గంతేసినంత పని చేసింది.

"అక్కా, ఆ గుంపులో ఒకటి వేరేగా ఉంది చూడు! గులాబీ రంగే లేదు. నల్లగా, ఒళ్ళంతా తెల్లచుక్కలు!"

పెద్దది బైనాక్యులర్ ఎత్తింది. చుక్కలు స్పష్టంగా కనబడ్డాయి. జాబితాలో లేని పక్షి!

"పిల్ల గోరింకే. కొత్త ఈకలొస్తున్నాయి, అందుకే ఆ మచ్చలు. పోనుపోను నీకే తెలుస్తుందిలే" అని రిజిస్టరులో అలాగే రాసేసింది. చిన్నది బుద్ధిగా తలూపింది.

ఇవాళ తెడ్డుమూతి కొంగలు బురద కలియబెడుతుండగా, అదే పక్షి వచ్చి ఎదురుగా రెల్లుపుల్ల మీద వాలింది. పెద్దదాని బుర్రలో పాడు ఆలోచన మెదిలింది. నిన్నటిది పిల్ల గోరింకని రాసే ఉంది. ఇవాళ చూసింది తనే అయితే పేరూ తనదే!

"చుక్కల గోరింక! నేనే ముందు చూశాను. ఇక్కడ సంతకం పెట్టు."

చిన్నది చాలాసేపు చూసింది. "ఇది నిన్నటిదే కదక్కా? పిల్ల గోరింక."

"కాదే, ఇది వేరు."

"ఈకలు మారుతున్నాయని నువ్వే చెప్పావుగా! నేను నా పుస్తకంలో కూడా రాసుకున్నాను. తొందరపడి రాస్తే రేపు నిన్నే నాలుగు మాటలంటారు. పన్నెండేళ్ళుగా తెచ్చుకున్న పేరు, ఎందుకు పోగొట్టుకోవడం? నేను పెట్టనక్కా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని పెద్దది వెతికింది. మచ్చుకైనా లేదు. సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది. చెప్పకుండా తప్పించుకునే దారి కనబడలేదు.

"నిన్న నువ్వు చూసింది చుక్కల గోరింకనే. నాకు నిన్ననే తెలుసు."

"తెలిసే అలా రాశావా?"

"కడుపుమంటతో రాశాను."

చిన్నది రిజిస్టరు తన వైపు లాక్కుని, తను ఉద్యోగంలో చేరిన రోజు దాకా పేజీలు వెనక్కి తిప్పింది.

"నేను చూసినవి ఇంకా ఎన్ని ఇలా రాశావక్కా?"

"ఏడు" అంది పెద్దకోడలు, ఏమాత్రం తడుముకోకుండా.