అలక పువ్వు పిలక

ముందు నా సంచి సంగతి చెప్పాలి. ఆస్పత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టి మానేసిన రోజున, పాత గుడ్డ సంచి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. మా వీధి టైలరమ్మ దాని లోపల రెయిన్‌కోటు గుడ్డతో ఇంకో జేబు కుట్టింది. ఆ జేబులో ఎప్పుడూ తడిగుడ్డ ఉండేది. ఆ తడిగుడ్డలోకి ఎంతమంది తోటల్లో కొమ్మలు దిగాయో ఇప్పుడు చెప్పమన్నా చెప్పలేను. పైకి మాత్రం శాలువా, నీళ్ళ సీసా, బిస్కెట్ల పొట్లం. చూసేవాళ్ళకి మనవల ఇంటికి పోతున్న ముసలిదాన్నే.

మేం నలుగురం ఒకే వీధివాళ్ళం, నలుగురికీ మొక్కల పిచ్చి. మాకు పెద్ద తలకాయ పంతులమ్మ. బడిలో పిల్లలకి ఏం నేర్పిందో గానీ మాకు మాత్రం ఒకే పాఠం నేర్పింది. "అడిగి తెచ్చిన మొక్క అలుగుతుంది, గిల్లుకొచ్చిన మొక్క గంతులేస్తుంది" అనేది. నమ్మాం. ఏటా పూల ప్రదర్శనకి బస్సెక్కి పోయేవాళ్ళం. ఏది గిల్లాలో పంతులమ్మ కళ్ళతో చూపిస్తుంది. నలభై ఏళ్ళు సూదులు పొడిచిన చెయ్యి నర్సమ్మది, అది వణకదు, కాబట్టి గిల్లడం ఆవిడ పని. టైలరమ్మ అడ్డంగా గొడుగు విప్పుతుంది, అది పైకప్పున్న హాలైనా సరే. సంచి నాది.

దొంగతనమని తోచలేదా అంటే, తోచలేదు. నలుగురు కలిసి చేస్తే ఏ పనైనా ఆటలాగే ఉంటుంది. తిరుగు బస్సులో చిన్నపిల్లల్లా పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఇంటి దగ్గర పంచుకునేటప్పుడు మంచివి రెండు పంతులమ్మకి పోయేవి. పోనీలే, పెద్ద తలకాయ కదా అనుకునేదాన్ని.

ఆ ఏడు హాలు మరీ పెద్దది. రైలు స్టేషనంత ఉంది. గులాబీలు ఒక పక్క, డాలియాలు ఒక పక్క, మధ్యలో బల్లల మీద చామంతులు. జనం ఎంతమందంటే, పూల వాసన కంటే చెమట వాసనే ఎక్కువ. నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "వదినా, తప్పిపోయావంటే మైకులో చెప్పిస్తాను, ముసలమ్మ పోయింది, ఆనవాలు బిస్కెట్ల పొట్లం అని" అంది. నవ్వుతూనే చామంతుల వైపు తిరిగాను. అక్కడే నా కాళ్ళు ఆగిపోయాయి.

ఇటుక రంగు పువ్వు. రేకులన్నీ లోపలికి ముడుచుకుని, మూతి ముడుచుకున్న పిల్లలా ఉంది. వంగి ఒక రేకు అడుగు చూశాను. పసుపు.

అది మా చెల్లి పువ్వు. దానికి 'అలక పువ్వు' అని పేరు పెట్టింది చెల్లే. ఇరవై ఏళ్ళు ఒకే కుండీలో, ఏటా పిలక తీసి పెట్టుకుంటూ పెంచింది. ఆస్పత్రిలో చేరిన రోజు ఆ కుండీ నా చేతిలో పెట్టి, "అక్కా, దీనికి రోజూ నీళ్ళు పొయ్యకు. మట్టి ఎండితేనే పొయ్యి" అంది. నేను రోజూ పోశాను. భయమేసినప్పుడల్లా పోశాను. ఆస్పత్రి నుంచి ఫోను మోగినప్పుడల్లా పోశాను. వేరు కుళ్ళిపోయింది. చెల్లి పోయిన వారానికి అదీ పోయింది. ఆ తర్వాత ఎన్ని నర్సరీలు తిరిగానో. అలాంటిది ఎక్కడా లేదు. ఆ కుండీ ఖాళీగానే ఉంచాను, అందులో ఇంకేదీ పెట్టబుద్ధి కాలేదు.

కుండీ ముందు అట్టముక్క మీద సన్నటి అక్షరాలతో ఏదో రాసి ఉంది. నాకు చదువు బొత్తిగా రాదని కాదు, కూడబలుక్కుని చదువుతాను. కానీ అంతమంది మధ్య నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గే నా కొంప ముంచింది.

"పంతులమ్మా, ఏం రాశారో చదువు" అన్నాను.

కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. "ఏముంది? పెంచినాయన పేరు. కింద ముట్టుకోవద్దని."

"ఇది మా చెల్లి పువ్వు. దీన్ని మాత్రం గిల్లొద్దు. నేను ఆయన్ని అడుగుతాను."

"అడుగుతావా?" మూతి విరిచింది. "అడిగితే ఆయన లేదంటాడు. ఆపైన కుండీకి కాపలా పెడతాడు. నీకూ దక్కదు, ఇంకొకరికీ దక్కదు."

"లేదంటే లేదంటాడు. చెల్లిది దొంగ మొక్క కాదే. అడుగుతాను."

పెంచినాయన కుర్చీలో లేడు. కుర్చీ వీపుకి కోటు తగిలించి ఉంది, పక్కన సగం తాగిన టీ. నేను అక్కడే నిలబడ్డాను. టీ చల్లారి పైన మీగడ కట్టింది గానీ ఆయన రాలేదు. వెనకాల ముగ్గురూ గుసగుసలాడుకుంటున్నారు. టైలరమ్మ గొడుగు తెరుచుకున్న చప్పుడు కూడా వినిపించింది. నా చూపు కుర్చీ మీద ఉంది, వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండేది.

"పద వదినా, బస్సు పోతుంది" అని నర్సమ్మ నన్ను లాక్కుపోయింది.

ఆ ఏడు గేటు దగ్గర సంచులు చూస్తున్నారు. ఎవరివో ఖరీదైన మొక్కలు పోయాయట. దూరం నుంచే అది చూసి పంతులమ్మ, "నువ్వు ముందు నడువు, ముసలిదాన్ని ఎవరు చూస్తారు?" అంది. నాకేం భయం? సంచిలో ఏమీ లేదు కదా. నడిచాను.

గేటు దగ్గర పిల్ల మర్యాదస్తురాలే. "ఏమీ అనుకోకండి అమ్మమ్మా" అంటూ శాలువా తీసింది, సీసా తీసింది, లోపలి జేబులో చెయ్యి పెట్టింది. తడిగుడ్డ తీసి విప్పింది. అందులో వేరుతో సహా ఊడొచ్చిన చామంతి పిలక.

ఆ పిల్ల నా కంటే ఎక్కువ సిగ్గుపడిపోయింది. "ఇది మీరే తీశారా? మీతో ఎవరైనా వచ్చారా?"

వెనక్కి తిరిగి చూశాను. ముగ్గురూ నాలుగడుగుల దూరంలో ఉన్నారు. పంతులమ్మ గోడ మీద బస్సుల పట్టిక చదువుతోంది. నర్సమ్మ తన సీసా మూత తిప్పుతోంది, అది తెరిచే ఉంది, అయినా తిప్పుతోంది. టైలరమ్మ ఒక్కతే నా కళ్ళలోకి చూసింది. ఆ తర్వాత చేతిలో గొడుగు వంక చూసుకుంది.

"ఒక్కదాన్నే వచ్చానమ్మా" అన్నాను.

నన్ను మళ్ళీ చామంతుల బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. ఈసారి పెంచినాయన ఉన్నాడు. బక్కపలచటి మనిషి, గోళ్ళ నిండా మట్టి. ఆయన ముందు ఓ పదిమంది వరసలో నిలబడి ఉన్నారు. బల్ల కింద నుంచి ఒక్కొక్క పిలక తీసి, తడి కాగితంలో చుట్టి ఇస్తున్నాడు. ఊరికే.

తడిగుడ్డలో పిలక చూసి ఆయన కోప్పడలేదు. కోప్పడినా పోయేది. "ఎందుకమ్మా? అడిగితే ఇస్తానని రాసే పెట్టానుగా. చూడలేదా?" అన్నాడు.

"నాకు గబగబా చదవడం రాదు బాబూ."

"నెమ్మదిగానే చదువు."

నన్ను ఏడిపించడానికి అన్న మాట కాదది. నేను చదివితే నా తప్పు కాదని తేలుతుందేమోనని అన్నాడు. చదివాను. అంతమంది ముందు, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం. "పి...లక... పిలక కా...వల...సిన వారు... సాయం...త్రం... అడిగి... తీసు...కోండి." వరసలో వాళ్ళు ఎవరూ నవ్వలేదు. ముట్టుకోవద్దని ఎక్కడా లేదు. కింది దాకా వెతికాను, లేదు.

"ఇది మా చెల్లి పువ్వు బాబూ" అన్నాను.

ఆయన పిలక వంక చూశాడు. "ఇవ్వకూడదని కాదమ్మా. గిల్లినవాళ్ళకీ ఇచ్చి, నిలబడి అడిగినవాళ్ళకీ ఇస్తే, వీళ్ళ మొహం నేనెలా చూడను?" అంటూ నా పిలక తీసి వరసలో ముందున్నావిడ చేతిలో పెట్టాడు. గేటు దగ్గరి పిల్ల ఒక పుస్తకంలో నా పేరు రాసుకుంది. ఇంక నన్ను ఏ ఏడూ లోపలికి రానివ్వరట.

బస్టాపులో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. పంతులమ్మ లేచి నా భుజం తట్టింది. "మా పేర్లు బయటపెట్టలేదు, మంచి పని చేశావే. గట్టిదానివి."

"సంచిలో ఎవరు పెట్టారు?"

"నీ కోసమేగా వదినా" అంది నర్సమ్మ. "అక్కడ నిలబడి ఏడుపు మొహం పెట్టావు, చూడలేకపోయాం."

"మరి గేటు దగ్గర బాగా చూడగలిగారే!"

బస్సు కదిలాక పంతులమ్మ కళ్ళద్దాల డబ్బా తెరిచి చూపించింది. లోపల దూది, దూదిలో ఇంకో పిలక. "రెండు గిల్లింది మన నర్సమ్మ. ఇది నాటుకున్నాక నీకూ ఒకటి ఇస్తాలే, ఊరుకో."

"ఆ అట్టముక్క నువ్వు చదివావు కదా?"

"చదివాను."

"అడిగితే ఇస్తానని రాసుంది కదా?"

డబ్బా టక్కున మూసింది. "ఊళ్ళోవాళ్ళందరికీ పంచేదాంట్లో గొప్పేముందే? అప్పుడది అందరిళ్ళలోనూ ఉంటుంది."

ఆ రోజు బస్సులో ఎవరూ నవ్వలేదు.

గిల్లుకొచ్చిన మొక్క గంతులేస్తుందన్న మాట అబద్ధం కాదు. గంతులేసింది, పంతులమ్మ మెట్ల మీద. మరుసటి ఏడు పాలకి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని. పదకొండు పూలు, అన్నీ మూతి ముడుచుకుని. అవతలి పక్క నుంచి నడుద్దామంటే కాళ్ళు వినేవి కావు.

పూలు వాడాక ఒకరోజు టైలరమ్మ గాజు గ్లాసు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో పిలక. "పంతులమ్మ పంపింది. తీసుకో అక్కా. నీ కుండీ ఖాళీగానే ఉందిగా."

నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. వెనక్కి లాక్కున్నాను. ఆ ఒక్క పని చెయ్యడానికి నాకు ఎంత బలం కావలసి వచ్చిందో చెల్లికే తెలియాలి.

"ఆవిణ్ణి ఒక్కసారి ఇక్కడికి రమ్మను. ఆ రోజు గేటు దగ్గర నేను ఎవరితో వచ్చానో నా మొహం చూసి చెప్పమను. చాలు, తీసుకుంటాను."

"ఆవిడ సంగతి తెలుసుగా. వస్తుందా?"

"అయితే నువ్వు చెప్పు. నువ్వు చెప్పినా చాలు."

టైలరమ్మ నోరు తెరిచింది. తర్వాత, ఆ రోజు గొడుగు వంక చూసుకున్నట్టే గ్లాసు వంక చూసింది. "పాతవన్నీ ఇప్పుడెందుకక్కా" అంటూ మెట్లు దిగిపోయింది.

పిలక నీళ్ళలో పది రోజులు ఆగుతుంది. టైలరమ్మ దాన్ని తన కిటికీలో పెట్టింది, నాకు కనిపించేటట్టు. రోజూ చూశాను. అయిదో రోజుకి తెల్లటి వేళ్ళు వచ్చాయి. ఎనిమిదో రోజుకి ఆకులు పసుపు తిరిగాయి. టైలరమ్మ అటూ ఇటూ పోతూనే ఉంది గానీ మా మెట్లెక్కలేదు. పదకొండో రోజు పొద్దున గ్లాసు కడిగి, కిటికీలో బోర్లించి ఉంది.

నేను లోపలికొచ్చి చెల్లి కుండీలో మట్టి వేలితో తాకి చూశాను. పొడిగా ఉంది. నీళ్ళు పొయ్యలేదు.